ఎలిశిబా ఇచ్చే ఆముదం

మెదక్ దవాఖానాలో ఆయా ఎలిశిబా ఆముదం గిన్నెతో వార్డులోకి వస్తే రోగులు దుప్పటి ముసుగేసుకునేవారు. మర్నాడు డాక్టరుగారు గొట్టం పెట్టి పేగు చూడాలంటే కడుపు ఖాళీ కావాలి. ఖాళీ చేయించే పని ఆమెది. పొట్టి మనిషి, ముతక తెల్లచీర, సబ్బునీళ్లకు పగిలిన వేళ్లు. గిన్నెను వేడినీళ్లలో ఉంచి ఆముదాన్ని పలచబరిచేది. మలం పళ్లెం తీసేటప్పుడు మాత్రం రోగి సిగ్గుపడకుండా, కిటికీ వైపు చూస్తూ వానల సంగతి మాట్లాడేది.

మలంలో నెత్తురు పోతుంటే ఎల్దుర్తి నుంచి వచ్చిన గోదావరమ్మ తాగిన ఆముదమంతా కక్కేసింది. పేగు శుభ్రపడక పరీక్ష రెండుసార్లు ఆగింది. "ఇంటికి పోత ఎలిశిబక్కా. రాచపుండైతే అయితది," అని మూట కట్టుకుంది. ఎలిశిబా ఆ మూట పక్కన పెట్టి, ఇరవై ఏళ్ల కొలువులో మొదటిసారి డాక్టరుగారికి ఎదురుగా నిలబడి మాట్లాడింది.

"అంత ఒక్కపారే తాగుమంటె ఎట్ల దిగుతది సారూ? సగం మాపటికి, సగం తెల్లారంగ ఇస్త."

ఆయన సరేనన్నాడు. రెండు సగాలూ కడుపులో నిలిచాయి. గొట్టంలోంచి పేగు తేటగా కనబడింది. ప్రాణం తీసే రాచపుండు కాదు, మందులతో మానే మామూలు పుండే. ఆ మాట విని గోదావరమ్మ ఎలిశిబా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మరుసటి వారం కొత్త రోగికి డాక్టరుగారు రాసిన చీటీని నర్సు లిడియా పైకి చదివింది: "ఆముదం సగం సాయంత్రం, సగం తెల్లవారుజామున."

చదువురాని ఎలిశిబా దగ్గరికొచ్చింది. "నా మాట రాసిండ్రా? ఏడున్నదో జర చూపియి, సిస్టరమ్మా."

లిడియా ఆ వరుస చూపించింది. ఎలిశిబా చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఆ అక్షరాలను మెల్లగా తాకింది.