నాలుగు సింహాలు, ఒక పటేలు మీసం

పత్తి పోగు మీద బతికే ఇంట్లో పుట్టి, పత్తి పోగు ముక్కులోకి పోతే ఊపిరాడని జబ్బు తెచ్చుకున్నదాన్ని నేను. ఉబ్బసం అన్నమాట. మా వైపు దాన్ని దమ్ము అంటారు. చలికాలం వచ్చిందంటే నా ఎదలో పిల్లికూతలు మొదలయ్యేవి. పక్కింటి ముసలమ్మ గోడ అవతలి నుంచి, “ఇయ్యాల పిల్ల ఎక్కువ కూస్తాందే” అని మా అమ్మను పరామర్శించేది.

మా ఊరు పోచంపల్లికి రెండు కోసుల దూరం. ముందరి ఇంట్లో గుంట మగ్గాలు రెండు, వెనక చావిట్లో రంగు కుండలు. మేం నేసేది తేలియా రుమాళ్లు. నూలును నువ్వుల నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, ఎర్రగా, నల్లగా రంగులు ఎక్కించి నేసేవాళ్లం. ఆ నూనె వాసన మా గోడలకు, గిన్నెలకు, చివరికి మా మేకకు కూడా పట్టింది. హైదరాబాదు సేట్లు ఆ రుమాళ్లను కొని ఓడలమీద అరబ్బు దేశాలకు పంపేవారట. నేను మా తాలూకా కస్బా దాటి ఎరుగను గానీ, మా ఇంటి బట్ట సముద్రం దాటిపోయేది.

నాకు పదహారేళ్లప్పుడు ఒక చలికాలం మంచం మీదే గడిచింది. ఉగాది దగ్గరపడుతుండగా బాపు నన్ను బండిలో వేసుకుని కస్బాలో ఉండే హకీం సాబు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన తెల్లగడ్డం ముసలాయన. చెవి నా వీపుకు ఆనించి చాలాసేపు విన్నాడు.

“ఈ బిడ్డను మగ్గం కాడ కూసోబెట్టొద్దు. రంగులు కాగబెట్టే జాగకు రానియ్యొద్దు” అన్నాడు.

“మా ఇల్లంత గదే సాబ్. ఇంక యాడ కూసోబెట్టాలె?” అన్నాడు బాపు.

“బయట అరుగు మీద, గాలికి. కని ఖాలీగ కూసోబెట్టకుండ్రి. ఊకె కూసుంటే దమ్ము లెక్కపెట్టుకుంట ఇంకింత బీమారైతది. చేతికి పని, మనసుకు జర ఖుషీ ఉండాలె. నవ్వే బిడ్డకు దమ్ము తేలికైతది.”

వెంట వచ్చిన అమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, “నవ్వుకేం కొదువ సాబ్? అందరిని చూసి నవ్వుడే దీని పని” అన్నది.

అరుగు మీద నా కొలువు అలా మొదలైంది. సుద్దముక్కతో ముగ్గు చుక్కల్లా చుక్కలు పెట్టి, గళ్లు గీసి, గళ్లలో బొమ్మలు నింపేదాన్ని. చిట్కి పనిలో బొమ్మంతా గళ్ల లెక్కే. చట్రం మీద నూలు పరిచి, అరుగు మీది సుద్ద బొమ్మను చూసి ఎక్కడ దారంతో బిగించి కట్టాలో బొగ్గుతో గుర్తు పెట్టాలి. కట్టిన చోట రంగు ఎక్కదు. అలా వదిలిన తెలుపే బొమ్మవుతుంది. గుర్తులు పెట్టడం నా వంతు, కట్టడం అమ్మ వంతు, నేయడం బాపు వంతు అయ్యాయి. గడియారం, ఏనుగు, చిలక, సింహం అన్నీ నా సుద్ద కింద నుంచే పోయేవి.

ఎవరూ నేర్పని కిటుకులు కొన్ని అక్కడే పట్టుబడ్డాయి. ఊపిరి వదులుతూ గీస్తే గీత వణకదు. పీలుస్తూ గీస్తే పాములా వంకర పోతుంది. ఎద పట్టేసిన రోజు అయిదు గళ్లకు మించి ముట్టుకోకూడదు. అదీ చేతకాని రోజు వీధిలోకి చూస్తూ కూర్చోవాలి. ఎవరు ఏ భుజం పైకెత్తి నడుస్తారు, ఎవరు కోపం వస్తే కింది పెదవి కొరుక్కుంటారు, ఎవరి కట్టె ముందు వస్తుంది, ఎవరి పొట్ట ముందు వస్తుంది, ఇదే పని. నాకు బొమ్మల కన్ను వచ్చింది మంచిగా ఉన్న రోజుల్లో కాదు, కదలలేని రోజుల్లో.

అలా చూసిన వాళ్లలో నాకు బాగా నచ్చిన మనిషి మా ఊరి పోలీసు పటేలు. మనిషి కాదు, ఆయన మీసం. ఆయన ఎప్పుడూ కుడి చెంపన పాన్ వేసుకునేవాడు. దాంతో మీసం కుడి కొస పైకి, ఎడమ కొస కిందికి ఉండేది. ఎంత మెలితిప్పినా ఎడమది నిలబడేది కాదు. ఊరంతా ఆ మీసానికి భయపడేది. నేనూ భయపడేదాన్ని. కానీ భయపడుతూనే గళ్లు లెక్కపెట్టేదాన్ని.

ఒకరోజు పటేలు మా అరుగు ముందు నిలబడి, “దొర గడిల పెండ్లున్నది. చుట్టాలకు ఇయ్యాలె, మంచి రుమాళ్లు ఆరు కావాలె. నాకు ఒకటి వేరేగ నెయ్యి, సింహాల బొమ్మలు పెట్టి” అని బాపుతో చెప్పాడు. ఎంత ఇస్తారని అడిగే ఆచారం లేదు. వెట్టి అంటే వెట్టే. బాపు చేతులు కట్టుకుని, “అట్లనే పటేలా” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆ నూలు నానబెట్టడానికి అమ్మ చేతులు ఎలా పగిలాయో నాకు తెలుసు. కోపం వస్తే నాకు దమ్ము ఎగబాకుతుంది కనుక కోపం తెచ్చుకోకుండా సుద్ద తెచ్చుకున్నాను. నాలుగు మూలల్లో నాలుగు సింహాలు గీశాను. జూలు సింహానిదే, తోక సింహానిదే. మీసం మాత్రం కుడి కొస రెండు గళ్లు పైకి, ఎడమ కొస మూడు గళ్లు కిందికి. కింద చిన్న పొట్ట.

అమ్మ ముడులు కడుతూ ఒకసారి నా వైపు చూసింది. మళ్లీ ముడి బిగించింది. రుమాలు నేయడం అయింది, పటేలు భుజానికి ఎక్కింది. గడి పెండ్లిలో ఆయన దాన్ని వేసుకుని వరుసల మధ్య తిరుగుతుంటే, విస్తళ్ల ముందు కూర్చున్న జనం తలలు వంచుకుని అన్నంలోకి నవ్వారట. చాకలామె మా ఇంటికి వచ్చి చెప్తూ చెప్తూ అరుగు మీద కూలబడింది. “ఐదు మీసాలు పోతున్నయమ్మా! నాలుగు భుజం మీద, ఒకటి మూతి మీద!”

నెల రోజులు పటేలుకు తప్ప ఊరందరికీ తెలుసు. చివరికి చెప్పింది ఆయన భార్యే. చెప్పిందంటే, రుమాలు ఆరవేస్తూ దాన్నీ ఆయన్నీ మార్చి మార్చి చూసి పడీ పడీ నవ్విందట.

ఆ పొద్దున్నే పటేలు మా అరుగెక్కాడు. రుమాలు బాపు ముఖం ముందు పరిచాడు.

“ఏందిరా, గీ సింహం మీసం గిట్ల వంకర పోయింది?”

“నూలు జరిగింది పటేలా. చిట్కి పని గద, జర ఇటు అటయితది” అన్నాడు బాపు.

“నాలుగు సింహాలకు నాలుగింటికి ఒక్కతీరుగనే జరిగిందారా?”

పటేలు చేతిలో కట్టె పైకి లేచింది. నాకు ఒక్కటే తోచింది. చిన్నప్పుడు పని తప్పించుకోవడానికి దొంగదమ్ము తెచ్చుకునేదాన్ని. ఎద పట్టుకుని, గొంతులో కూత పెట్టి, కళ్లు తేలేసేదాన్ని. ఇప్పుడూ అదే చేశాను. రెండు కూతలు దొంగవే. మూడోది నిజమైపోయింది. నూలు కుప్ప పక్కనే పడ్డానేమో, ఎద బిగుసుకుపోయింది. పెదవులు నీలమయ్యాయట. అమ్మ కేక వేసింది.

పటేలు కట్టె దిగిపోయింది. పక్క ఊళ్లలో అప్పటికే వెట్టి చెయ్యమని సంగం లేచింది, దొరలకు ఎదురు తిరిగింది. దొరల మనుషులు ఎవరిని కొట్టారో, ఎవరిని చంపారో అన్నీ లెక్కలోకి వస్తున్న రోజులు. “నేనేం చెయ్యలే! చూసిండ్రు గద, నేను ముట్టలే!” అని ఆయన వీధిలో గుమిగూడిన వాళ్లకు చెప్పుకుంటున్నాడు. తర్వాత ఆ తొందరలో రుమాలు మళ్లీ భుజాన వేసుకుని, తన బండే కట్టించాడు. దోవలో నిజాం వైపు రజాకార్ల ఠాణా ఉంది, ఆయన లేనిదే ఏ బండినీ వదలరు. అందుకని తనే ముందర ఎక్కి కూర్చున్నాడు. బాపును ఇంటి దగ్గరే ఉండమన్నాడు.

అమ్మ ఒళ్లో తల పెట్టుకుని పడుకున్న నాకు ఎదురుగా పటేలు వీపు, ఆ వీపు మీద రెండు సింహాలు. బయటి గాలికి కొంచెం ఊపిరి తిరిగేది. కళ్లు తెరిచేదాన్ని. సింహం కనబడేది. నవ్వొచ్చేది. నవ్వు దగ్గయ్యేది.

“నవ్వుతున్నవా, దగ్గుతున్నవా?” అన్నాడు పటేలు వెనక్కి తిరగకుండానే.

“రెండూ పటేలా” అన్నాను.

హకీం సాబు నాకు ఏదో కషాయం తాగించి, వేడినీళ్ల ఆవిరి పట్టించి, దమ్ము దిగేదాకా పక్కనే కూర్చున్నాడు. అప్పుడు ఆయన చూపు పటేలు భుజం మీద పడింది. రుమాలు చూశాడు, మీసం చూశాడు. గడ్డంలోకి చెయ్యి పోనిచ్చి చాలాసేపు గోక్కున్నాడు.

“పటేల్ సాబ్, ఈ బిడ్డకు చేతిల పని ఉంటేనే దమ్ము తగ్గుతది. బొమ్మలు బంద్ చేయిస్తే బీమారీ పెరుగుతది. పెరిగితే జిమ్మేదారీ ఎవరిదంటరు మరి?”

పటేలు లేచాడు. బయటికి పోయి రుమాలు తిరగేసి వేసుకున్నాడు. చిట్కి బట్టకు రెండు వైపులా బొమ్మ ఒకటేనని ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది. మడత పెట్టి చంకలో దూర్చుకున్నాడు.

ఆయన అటు పోగానే అమ్మ జరిగిందంతా చెప్పింది. హకీం సాబు ముఖంలో నవ్వు పోయింది. నా వైపు వంగి, “బిడ్డా, గీసినవ్, మంచిగ గీసినవ్. కని కట్టె లేసింది ఎవరి వీపు మీద?” అన్నాడు.

“మా బాపు వీపు మీద.”

“నీ ఆట నీ వీపు మీద ఆడుకో. ఆయన వీపు మీద ఆడకు.”

ఆ మాటకు నేను దారంతా ఏడ్చాను. ఇల్లు చేరాక బాపు ముందు కూర్చుని, మీసం కావాలనే పెట్టానని, తప్పయిందని ఒప్పుకున్నాను. ఆయన పోగు విసిరే నాడె చేతిలో పట్టుకుని మగ్గంలోంచి నన్ను చూశాడు.

“చట్రం మీదనే చూసిన బిడ్డా. చెరిపేద్దామనుకున్న. నవ్వొచ్చింది, ఊకున్న.”

అమ్మ లోపలి నుంచి, “ముడులు కట్టింది నేను గాదా? నాకు కండ్లు లెవ్వా?” అన్నది. మా ముగ్గురిలో తెలివిగల వాళ్లెవరో ఆ రోజు తేలలేదు.

ఆ మరుసటేడు వానాకాలం చివర, ఒక పొద్దున గాలిమోటర్లు మా కందిచేల మీదుగా పోయాయి. అందరూ ఇళ్లలోంచి ఉరికి వచ్చి ఆకాశం చూశారు. యూనియన్ సైన్యం వస్తున్నదని అప్పటికే పుకారు. పటేలు అంతకు రెండు రోజుల ముందే కనబడకుండా పోయాడు. ఠాణా ఖాళీ అయింది. వారం పది దినాలు ఊళ్లో పండగలా ఉంది. తర్వాత అదే సైన్యం సంగపోళ్ల కోసం ఇళ్లు వెతికింది. మా వీధిలోంచి ఇద్దరిని తీసుకుపోయారు. ఒకరు తిరిగి రాలేదు. వాళ్ల ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. ఆ నెలంతా నేను సుద్ద ముట్టలేదు. దమ్ము బాగానే ఉంది, చెయ్యే రాలేదు.

పటేలు దీపావళికి తిరిగి వచ్చాడు. నెత్తిన తెల్లటోపీ. మీసం కొసలు రెండూ కత్తిరించుకున్నాడు. అరుగు కింద నిలబడి, ఇంత ఇస్తానని తానే చెప్పి, “రాట్నం బొమ్మతోని ఒకటి నెయ్యుండ్రి. సక్కగ” అన్నాడు. ఆ ఆఖరి మాట నన్ను చూసి అన్నాడు.

నేను చక్కగానే గీశాను. రాట్నం చక్రం ఆకులన్నీ సరిగ్గా లెక్కపెట్టి, వంకర లేకుండా. కానీ రుమాలు ఊళ్లోకి పోగానే జనం దాన్ని ఎండకు పట్టి, తిరగేసి, నాలుగు మూలలూ వెతకడం మొదలుపెట్టారు. చాకలామె ప్రత్యేకంగా వచ్చింది.

“యాడ పెట్టినవ్ చెప్పు. నేనెవలకు చెప్పను.”

“ఏం పెట్టలేదు అత్తా.”

“నాకు గూడ చెప్పవా?” అని అలిగి వెళ్లిపోయింది. నా జన్మలో నేను చెప్పిన నిజాన్ని అంత గట్టిగా ఎవరూ కాదనలేదు.

ఆ చలికాలం దమ్ము నన్ను మళ్లీ మంచం ఎక్కించింది. రెండు నెలలు సుద్దముక్క ఎత్తే బలం కూడా లేదు. పని ఆగితే పొయ్యి ఆగుతుంది కనుక, నేను మంచం మీది నుంచి గళ్లు చెప్తుంటే అమ్మ గీయడానికి కూర్చుంది. ఏనుగు చెప్పాను. తొండం దగ్గర దగ్గు వచ్చి నా లెక్క ఆగింది. నా దగ్గు తగ్గేదాకా ఆగకుండా, అమ్మ తొండాన్ని అక్కడికే ముగించి తోకకు పోయింది. రుమాలు నిండా పందుల్లాంటి ఏనుగులు దిగాయి. బాపు నేస్తున్నంతసేపూ మగ్గం ఊగిపోయింది. నవ్వుతున్నాడో, నేస్తున్నాడో తెలియలేదు.

పట్నం సేటు మనిషి వచ్చి రుమాలు విప్పి చూసి, “గివేం జానవర్లు?” అన్నాడు.

“ఏనుగులు. మా దిక్కు గిట్లనే ఉంటయి” అన్నది అమ్మ, కనురెప్ప కూడా వేయకుండా.

ఆయన గంభీరంగా తలూపాడు. పది రోజుల తర్వాత కబురు వచ్చింది. ఆ ఏనుగులే కావాలట, అదే తొండం, ఇంకో ఇరవై రుమాళ్లు. అప్పటికి నేను లేచి కూర్చుంటున్నాను. సుద్ద పట్టుకుని అమ్మ పక్కన చేరాను. నేను గీసిన మొదటి ఏనుగును చూసి అమ్మ పెదవి విరిచి, “గంత పొడుగు తొండం ఎవడు పెట్టమన్నడే?” అని చేత్తో తుడిపేసింది.