కైకలూరులో భోంచేసి కొన్న స్కీ బోటు

ఆదివారం సాయంత్రం నాలుగు దాటాక, తాడేపల్లిగూడెం దగ్గర ఒక చేపల చెరువులో, గట్టుకు ఇరవై గజాల దూరంలో, మా చెల్లెలి భర్త డేవిడ్ కొన్న స్కీ బోటు మునిగిపోయింది. అప్పుడు అందులో డేవిడ్, నా చెల్లెలు సువార్త, నేను ఉన్నాం. ఆ చోట లోతు ఛాతీ వరకే కాబట్టి నడిచి గట్టెక్కాం. సువార్తకు ఈత రాదు. ఆ తరువాతి ఆదివారం అదే పడవలో మొదటి షికారు చర్చి సండే స్కూలు పిల్లలదని డేవిడ్ అప్పటికే మాట ఇచ్చి ఉన్నాడు.

ఆ పడవ చూడడానికి అంతకు మూడు వారాల ముందు ఏలూరు నుంచి కైకలూరు వైపు వెళ్లాం. పాత పడవ కొనాలని ఆ దారి పట్టేవాళ్లు మా తరువాత కూడా ఉంటారు కాబట్టి ఆ రోజు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

స్కీ బోటు అంటే కాళ్లకు పలకలు కట్టుకున్న మనిషిని తాడుతో నీటి మీద లాక్కెళ్లే వేగపు పడవ. ఇంజను లోపలే ఉంటుంది, నడుమ తాడు కట్టే స్తంభం ఉంటుంది. మన వైపు ఇవి అరుదు. సముద్రం ఒడ్డున మూతపడిన ఒక రిసార్టు నుంచి కైకలూరు దగ్గర రొయ్యల చెరువులున్న ఒక రైతు ఇలాంటిది కొని తెచ్చాడని డేవిడ్‌కు ఎవరో చెప్పారు. డేవిడ్‌కు తాడేపల్లిగూడెంలో ఇరవై ఏళ్లుగా టైర్ల షాపు ఉండేది. దాన్ని అమ్మేసి, ఊరి బయట ఒక పెద్ద చేపల చెరువు లీజుకు తీసుకుని, సెలవు రోజుల్లో జనానికి పడవ షికారు పెట్టాలని అతని ఆలోచన. కొల్లేరు అభయారణ్యంలో మోటారు పడవలకు అనుమతులు వేరుగా ఉంటాయి కనుక అటు పోలేదు. అది మంచిపనే.

శనివారం ఉదయం ఏడున్నరకు డేవిడ్ ప్యాసింజర్ రైల్లో ఏలూరు వచ్చాడు. స్టేషను బయట ఇడ్లీ తిని, శ్రీను అనే డ్రైవరు కారు మాట్లాడుకున్నాం. రానుపోను మూడు వేలు, బత్తాతో కలిపి. బస్సులో వెళితే ఖర్చు తక్కువే, కానీ చెరువుల గట్ల మీదికి బస్సు రాదు. వానలు ఎక్కువైతే కొల్లేరు పొంగి ఈ రోడ్డు మీదికి నీరొస్తుంది. ఆ రోజుల్లో వెళ్లేవాళ్లు దారి తెరిచి ఉందో లేదో అడిగి బయలుదేరాలి. మేం వెళ్లినప్పుడు రోడ్డు పొడిగానే ఉంది. రెండు వైపులా చెరువులు, వాటిలో నీటికి గాలి పట్టిస్తూ తిరుగుతున్న ఏరేటర్లు, దూరంగా కొంగలు. పక్షుల కోసం వెళ్లేవాళ్లు చలికాలంలో ఆటపాక దగ్గర ఆగితే గూడబాతులు కనిపిస్తాయి. మేం ఆగలేదు.

పాత పడవలో ఏం చూడాలో నేను ముందే ఒకరిద్దరు బోటు మెకానిక్కులను ఫోన్లో అడిగి తెలుసుకున్నాను. ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేయించాలి. ముందే వేడెక్కి ఉంటే దాని జబ్బు బయటపడదు. ఆయిలు పుల్ల తీసి చూడాలి. ఆయిలు పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే లోపలికి నీరు వెళుతున్నట్టు. ఫైబరు ఒంటిని వేలి కణుపుతో తట్టుకుంటూ పోవాలి. ఖణేలుమనాల్సిన చోట మెత్తగా పలికితే లోపలి చెక్క నానింది. నేల మీద బరువుగా నడవాలి, కార్పెట్టు కొత్తదైతే ఎత్తి చూడాలి. పడవను మోసే చక్రాల బండి, అంటే ట్రైలరు, దాని దిమ్మల మీద ఆనే చోటు పైకి కనబడదు కాబట్టి పడవను లేపి చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, నీటిలోకి దించి అరగంట ఉంచాలి. ఇవన్నీ దారిలో డేవిడ్‌కు చెప్పాను. అన్నిటికీ తల ఊపాడు.

పదిన్నరకు నరసింహమూర్తి గారి ఇంటికి చేరాం. పడవ అమ్మే రైతు ఆయనే. మేం కారు దిగేసరికే షెడ్డులో ఇంజను నడుస్తోంది. చల్లబరచడానికి హోస్ పైపు తగిలించి ఉంది.

“మీరొస్తున్నారని ఆన్ చేసి ఉంచానండీ. రాగానే మీ చెవిన పడాలి కదా, దాని పాట!” అన్నారాయన.

పడవ తెల్లగా మెరుస్తోంది. కార్పెట్టు కొత్తది. నేను ఒంగి తట్టబోతుంటే ఆయన నా చేయి పట్టుకున్నారు.

“ఏవండీ, ముందు భోజనాలు కానివ్వండి. పడవ ఎక్కడికి పోతుందండీ? చక్రాలున్నా దానంతటది కదలదు కదా.”

“పదిన్నరే కదండీ అయింది,” అన్నాను.

“వంట అయ్యేదాకా కబుర్లు చెప్పుకుందామండీ.”

ఆ కబుర్ల మధ్య డేవిడ్ ఒక్క పని మాత్రం శ్రద్ధగా చేశాడు. ట్రైలరు కిందికి దూరి నాలుగు టైర్లూ చూశాడు. గోరుతో రబ్బరు గీకాడు, చక్రం తిప్పి బేరింగు శబ్దం విన్నాడు, టైరు తయారైన వారం ఏదో చదివి చెప్పాడు. ఇరవై నిమిషాలు పట్టింది. బయటికొచ్చి చేతులు దులుపుకుంటూ, “ఫస్టు క్లాసు బావగారూ, ఒక్క పగులు లేదు,” అన్నాడు. ట్రైలరు గురించి అతను చెప్పింది నిజం.

పన్నెండున్నరకు అరిటాకులు వేశారు. కొరమేను పులుసు, రొయ్యల ఇగురు, ముద్దపప్పు, గోంగూర, గడ్డపెరుగు, చక్రకేళి. ఆకుల ముందు కూర్చున్నాక నరసింహమూర్తి గారు అన్నం కలపకుండా ఆగారు.

“మీరు ప్రార్థన చేసుకుంటారు కదండీ, కానివ్వండి. మేం ఆగుతాం.”

డేవిడ్ కళ్లు మూసుకుని ఆ ఇంటిని, ఆ ఇల్లాలిని, వండిన చేతులను దీవించమని ప్రార్థించాడు. చివర్లో, “ఈ పడవను కూడా, ప్రభువా,” అన్నాడు. ఆమెన్ అన్నది మాత్రం నరసింహమూర్తి గారు.

ఆయన భార్య మూడుసార్లు వడ్డించారు. వద్దన్నకొద్దీ ఆకులో పడింది. “మీరు మొహమాటపడుతున్నారండీ, కైకలూరు వచ్చి రొయ్య వద్దంటే ఊరికి చెడ్డపేరు,” అన్నారావిడ. శ్రీనుకు కూడా మాతోనే ఆకు వేశారు. అతను ఎవరూ అడగకుండానే పులుసు రెండోసారి పోయించుకున్నాడు.

చేతులు కడుక్కున్నాక నేను మళ్లీ కదిపాను. “ఒకసారి నీళ్లలోకి దించి చూద్దామండీ.”

“తప్పకుండానండీ, మీ ఇష్టం. కాకపోతే ఇప్పుడే చెరువులో మేత వేశారండీ. ప్రొపెల్లరు తిరిగితే రొయ్య బెదిరిపోతుంది. సాయంత్రం దాకా ఉంటానంటే ఉండండి, రాత్రికి కోడిని కోయిస్తాను.”

డేవిడ్ నా మోచేయి నొక్కి పక్కకు తీసుకెళ్లాడు.

“బావగారూ, వదిలెయ్యండి. వాళ్లింట్లో ఇంత తిని, ప్రార్థన కూడా చేసి, ఇప్పుడు లేచి ఆ పడవని టకటకా కొట్టి చూస్తే ఏం బాగుంటుంది? మనుషులమేనా అనుకోరూ?”

“పిల్లల్ని ఎక్కిస్తారు దీంట్లో.”

“అందుకే కదండీ మంచివాళ్ల దగ్గర కొంటున్నాను!”

వాళ్లు తాంబూలం ఇస్తుండగా డేవిడ్ ఆరున్నర లక్షలకు ఖాయం చేసి, బయానా ఇచ్చాడు. రిసార్టు నుంచి కొన్న బిల్లు, ఇంజను నంబరు సరిపోయాయి. కాగితాల్లో ఏ దోషమూ లేదు. బయలుదేరేటప్పుడు నరసింహమూర్తి గారి భార్య ఆకుపచ్చ జాకెట్టు ముక్క ఒకటి, అరటిపళ్లు ఒక కవరులో పెట్టి, “మీ ఆవిడ గారిని తీసుకురాలేదు, ఇవి ఇవ్వండి,” అని డేవిడ్ చేతిలో పెట్టారు.

కారులో శ్రీను తీర్పు చెప్పేశాడు. “ఇంత మర్యాద చేసేవాళ్లు పడవలో మోసం చేస్తారా అండీ? నాకైతే ఇలాంటి పులుసు మా అత్తారింట్లో కూడా దొరకలేదు.”

డేవిడ్ నవ్వాడు. నాలుగున్నరకు ఏలూరు చేరాం.

మిగతా డబ్బు కట్టి, పడవ తెప్పించి, చెరువులో దించింది మొదట చెప్పిన ఆ ఆదివారమే. చర్చి అయ్యాక అందరం ఇంట్లో తిని చెరువుకు వెళ్లాం. సువార్త చర్చికి కట్టుకున్న చీరతోనే ఎక్కింది. ఇంజను బాగానే అందుకుంది. చెరువు చుట్టూ రెండు రౌండ్లు కొట్టాక ఆమె కాళ్లు పైకి పెట్టుకుంది.

“ఏవండీ, కింద తడిగా ఉంది.”

“కొత్త కార్పెట్టు కదా, పైన నీళ్లు చింది ఉంటాయి. తుడిస్తే పోద్ది,” అన్నాడు డేవిడ్.

మూడో రౌండులో పడవ ఎడమ వైపుకు బరువెక్కి, తిప్పితే తిరగడం మానేసింది. ఇంజను ఆగింది. నీళ్లు తోడే పంపు స్విచ్చు వేస్తే పలకలేదు. గట్టు వైపు తెడ్డు వేయడానికి తెడ్డు లేదు. లైఫ్ జాకెట్లు రిసార్టు నాటివి, వాటి పట్టీలు చేతికి ఊడి వచ్చాయి. కొద్ది నిమిషాల్లో మేం నీళ్లలో నిలబడి ఉన్నాం. ఒక చేత్తో నా భుజం, రెండో చేత్తో చీర కుచ్చెళ్లు పట్టుకుని సువార్త అన్న మాట ఒక్కటే.

“టైర్లు బాగున్నాయన్నారు కదండీ.”

రెండు రోజుల తరువాత పొక్లెయిన్ తెప్పించి, బెల్టులు కట్టి పడవను పైకి లేపారు. భీమవరం నుంచి వచ్చిన మెకానిక్కు దాన్ని గాలిలో వేలాడుతుండగానే చూశాడు. ట్రైలరు దిమ్మ ఆనే చోటే జానెడు పొడవున పగులు. దాని మీద పుట్టీ పెట్టి రంగు వేశారు. నీటి ఒత్తిడికి ఆ పుట్టీ ఊడింది. కార్పెట్టు ఎత్తితే కింద చెక్కలోకి స్క్రూడ్రైవరు రొట్టెలోకి దిగినట్టు దిగింది.

డేవిడ్ ఆ సాయంత్రమే నరసింహమూర్తి గారికి ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు.

“అయ్యయ్యో, అలాగా అండీ! మనుషులకేం కాలేదు కదా? మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ చుక్క నీరు రాలేదండీ దాంట్లోకి.”

ఇందులో అబద్ధం లేదు. ఆయన ఇంట్లో ఉన్నన్నాళ్లూ పడవ షెడ్డులో ఉంది. పగులు సంగతి తెలుసా అని నేను మధ్యలో అడిగాను.

“నేను రైతునండీ, నాకు పడవల సంగతి ఏం తెలుసు? మీరే చూసుకుని తీసుకెళ్లారు కదండీ. ఆ రోజు మీరు సరిగ్గా తినలేదని మా ఆవిడ ఇప్పటికీ అంటోందండీ. ఈసారి కుటుంబంతో రండి.”

డేవిడ్ “సరేనండీ” అని ఫోన్ పెట్టేశాడు. తిట్టలేదు. తిన్నవాడు తిట్టలేడు.

నేను రాయాల్సింది ఇక్కడితో అయిపోతే బాగుండేది. మొన్న శుక్రవారం తాడేపల్లిగూడెం వెళ్లాను. పడవ డేవిడ్ ఇంటి పక్క రేకుల షెడ్డులో, ట్రైలరు మీద ఉంది. తెల్ల రంగు మీద వేసిన నీలం రంగు ఇంకా ఆరలేదు. లోపల ఎర్రటి కొత్త కార్పెట్టు.

“పగులు బాగు చేయించారా బావగారూ?” అని అడిగాను.

“పుట్టీ పెట్టించాను.”

“చెక్క?”

“చెక్క మార్చాలంటే ఎంతవుతుందో మీరూ విన్నారు కదా. తణుకు పార్టీ ఒకటి తగిలింది. ప్రైవేటు స్కూలు ఉందట ఆయనకి. పిల్లల పిక్నిక్కుల కోసం తోట, చెరువు తీసుకున్నాడట.”

“మునిగిందని చెప్పారా?”

డేవిడ్ బ్రష్షు కిరసనాయిలు డబ్బాలో పెట్టి, నా వైపు చూడకుండా అన్నాడు. “అడిగితే చెప్తాను. నరసింహమూర్తి గారిని మనం అడిగామా? షాపు పోయింది, పడవ పోయింది. నన్నేం చెయ్యమంటారు, చెరువు గట్టు మీద కూర్చుని చేపలు లెక్కపెట్టమంటారా?”

అతను నష్టపోయింది నిజం. తణుకు పిల్లలు మునగబోయే చెరువు లోతెంతో నాకు తెలియకపోవడం కూడా నిజం.

గోదావరి జిల్లాల మర్యాద గురించి ఊళ్లు తిరిగేవాళ్లు ఎంతో గొప్పగా రాస్తారు. నేనూ రాశాను. ఆ రాతలు తప్పని ఇప్పుడు అనను, ఆ పులుసులో లోపం లేదు. కానీ వడ్డించిన చేతిని అనుమానించకూడదన్న మన పద్ధతిని ఒక మనిషి పగులు మీద పుట్టీలా వాడుకున్నాడు. దాన్ని రెండో మనిషి కొన్ని వారాల్లోనే నేర్చుకున్నాడు. ఆ రెండో మనిషి చెడ్డవాడు కాదని నాకు తెలుసు. అందుకే ఇది నాకు మింగుడు పడటం లేదు. పాత పడవ చూడడానికి ఈ దారిన వెళ్లేవారికి నా సలహా ఒకటే: ఏలూరులోనో భీమవరంలోనో కడుపు నిండా తిని వెళ్లండి. పడవను పైకి లేపి చూసి, నీటిలో అరగంట నిలబెట్టేదాకా అమ్మేవారి ఇంట్లో మంచినీళ్లు తప్ప ఏదీ పుచ్చుకోకండి. అమర్యాద అనుకుంటే అనుకోనివ్వండి.

నిన్న పొద్దున సువార్త ఫోన్ చేసింది.

“అన్నయ్యా, గురువారం తణుకు వాళ్లు వస్తున్నారు. భార్యాభర్తలిద్దరూ. పన్నెండున్నరకి భోజనం పెట్టాలట, కొరమేను తెస్తానన్నారు ఈయన. వెళ్లేటప్పుడు ఆవిడకి పెట్టమని ఆ ఆకుపచ్చ జాకెట్టు ముక్క తీసి బయట పెట్టారు.”

“నువ్వేమన్నావు?”

“ఏమంటాను, సరే అన్నాను. పెద్ద గొడవ చేసే ఓపిక లేదు నాకు.” వెనక కుక్కరు విజిలు వేసింది. “నువ్వు పదకొండుకల్లా వచ్చెయ్యి అన్నయ్యా. వాళ్లు పదకొండున్నరకి వస్తారు. నువ్వు వాళ్లతో ఆ కార్పెట్టు ఎత్తించి, పడవ లేపించి చూపించేదాకా నేను పొయ్యి వెలిగించను.”

“డేవిడ్‌కి తెలుసా?”

“గ్యాసు అయిపోయిందని చెప్తాను.”

గురువారం తొమ్మిది గంటల రైలుకు ఏలూరులో బయలుదేరుతున్నాను. దారి ఖర్చు తక్కువే. భోజనం ఇంట్లో చేసి వెళుతున్నాను.