ఒకటి అంకె లేని మిషను

మబ్బు పట్టిన రోజది. కల్లంలో ఆరబోసిన మిరపకాయలు తడుస్తాయేమోనని తెల్లవారగానే ఇంటిల్లిపాదీ పట్టాలు లాగుతున్నాం. చినుకు పడలేదు గాని ఎండా రాలేదు. గాలి ఆగిపోయి కాయల ఘాటు కల్లం మీదే నిలబడిపోయింది. ఆ పని కోసమే నేను మిల్లుకు సెలవు పెట్టి ఊళ్లో ఉన్నాను. నరసరావుపేట నుంచి మొదటి బస్సుకు వచ్చిన మనిషొకాయన కల్లం గట్టున నిలబడి, టైపు మాస్టారు తెల్లవారుజామున పోయారని, జుమ్మా నమాజు అయ్యాక తీసుకెళ్తారని చెప్పాడు. మా నాన్న చేతిలో పట్టా అంచు వదల్లేదు. "నువ్వు పో. ఇయ్యి మేం చూసుకుంటాం" అన్నాడు.

బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. కోటప్పకొండ సగం నుంచి పైకి కనపడలేదు. మబ్బులో కలిసిపోయింది. నాకు నిద్రా కాదు, మెలకువా కాదు. బస్సు రేకులు అదురుతుంటే ఆ చప్పుడులోంచి మాస్టారి ఇన్‌స్టిట్యూటు వినపడటం మొదలైంది. పక్కపక్కన మిషన్లు, ఒక్కోదానిది ఒక్కో గొంతు, వరస చివర చిన్న గంట, క్యారేజీ వెనక్కి తోసినప్పటి కర్రుమనే మోత. పేటలో దిగేసరికి అదంతా ఆగిపోయింది. ఆయన మొహం చూశాను. అందరితోపాటు పిడికెడు మట్టి వేశాను.

పేట చుట్టుపక్కల కోర్టుల్లో, మండలాఫీసుల్లో, మిల్లుల్లో టైపు కొట్టేవాళ్లలో చాలామంది ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. ఇది చదివేవాళ్లలోనూ కొందరు ఉండి ఉంటారు. వాళ్లకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఆయన గుమ్మం పక్కన కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చునేవారు. నిద్రపోతున్నారనుకుని కొత్తవాళ్లు కీల మీద కప్పిన గుడ్డ ఎత్తి చూసుకునేవాళ్లు. కళ్లు తెరవకుండానే, "మూడో మిషను, గుడ్డ దించు" అనేవారు. ఎట్లా తెలిసిందని అడిగితే, చూసి కొట్టే చేతికి తడబాటు ఉండదని, అందుకే దొరికిపోతుందని చెప్పేవారు. తప్పుకు శబ్దం ఉంటుందనేవారు. చేతికి తెలిసిన సంగతి కంటికి చెప్పొద్దనేవారు.

కరెంటు పోతే మిషన్లకు ఏమీ కాదు గాని ఫ్యాన్లు ఆగేవి. కాగితాల మీద చెమట పడుతుందని అందరం చేతులు ఆపేవాళ్లం. ఆ మధ్యాహ్నాల్లో ఆయన కళ్లు మూసుకునే, ఇంకా పుట్టని మిషన్ల సంగతి మాట్లాడేవారు. కోర్టు కాగితాల్లో పదేపదే వచ్చే మాటలుంటాయి కదా, ఒక్క కీ నొక్కితే ఆ మాటంతా పడిపోవాలి. తప్పు కొడితే, కొట్టనట్టే ఆ అక్షరం వెనక్కి వచ్చేయాలి. ఆయన చెబుతుంటే ఆ మిషను ఆ గదిలోనే ఎక్కడో గుడ్డ కప్పి పెట్టి ఉన్నట్టుండేది. కింది అంతస్తులో బట్టల కొట్టు వాళ్లు గుడ్డ చింపే చప్పుడు వినపడేది. మాలో సగంమందికి కునుకు పట్టేది. ఫ్యాను తిరగ్గానే ఆయన గొంతు మారిపోయేది. "కలలు చాలు. కొట్టండి."

నన్ను ఆయన దగ్గరికి మా నాన్న తీసుకెళ్లింది ఎనభైల మొదట్లో. చిన్నప్పుడు చొప్ప కోసే మిషనులో పడి నా ఎడమ చేతి చివరి రెండు వేళ్లు పోయాయి. నాగలి పట్టినా పార పట్టినా పట్టు నిలవదు. కూర్చుని చేసే పని ఏదన్నా చూడాలని మా నాన్న ఆలోచన. అప్పటికి ఇంకో ఇన్‌స్టిట్యూటు వాళ్లు చెయ్యి చూసి కుదరదన్నారు. మాస్టారు నా చెయ్యి తీసి మిషను మీద పెట్టి కాసేపు చూశారు.

"ఎనిమిది ఉన్నయ్ గదా" అన్నారు మా నాన్నతో. "పది పెట్టుకొచ్చి రెండింటితో పొడిచేవాళ్లు నా దగ్గర చానామంది ఉన్నారు."

నా కోసం ఎడమ చేతి వరస మార్చి నేర్పారు. టైపు పరీక్షలు లోయరూ హయ్యరూ ప్యాసయ్యాను. పత్తి మిల్లు ఆఫీసులో టైపిస్టుగా కుదిరాను. అక్కడిదాకా ఏ చిక్కూ లేదు.

కంప్యూటరు మిల్లుకు వచ్చింది తర్వాత. షావుకారు ముహూర్తం చూసి తెప్పించాడు. పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయతో దిష్టి తీయించి, ఆ గదిలోకి చెప్పులతో ఎవరూ పోవద్దన్నాడు. గోడకు అవతల పత్తి గింజ తీసే జిన్నింగు మిషన్లు. తలుపు ఎంత మూసినా దూది నలుసులు లోపలికి వచ్చేవి. విజయవాడ నుంచి ఒక అమ్మాయి వచ్చి ప్రోగ్రాము ఎక్కించి, నాకు పది రోజులు కీలు చూపిస్తూ నేర్పి వెళ్లింది. రైతులు తెచ్చిన పత్తి బస్తాల తూకాలు నేను కొట్టాలి. కూడిక అదే చేస్తుంది.

కూడిక తప్పుగా వచ్చింది. ఎప్పుడూ తక్కువే వచ్చేది, ఎక్కువ రాలేదు. కాటా దగ్గర గుమస్తా నోటితో వేసిన లెక్కకు, కంప్యూటరు లెక్కకు బోలెడు తేడా. మొదటి వారం షావుకారు మిషనును అనుమానించాడు. రెండో వారం కాటాను. మూడో వారం నన్ను. దొంగ అనలేదు. గుంటూరులో కంప్యూటరు కోర్సు చదివిన కుర్రాడున్నాడని, నెల దాటితే అతన్ని పెట్టుకుంటానని మాత్రం చెప్పాడు. టైపు పని కూడా ఆ కుర్రాడే చేస్తాడు కాబట్టి నేను ఇక రానక్కర్లేదు. నేను ఇంట్లో చెప్పలేదు. మాస్టారికి చెప్పాను.

విజయవాడ అమ్మాయిని షావుకారు పిలిపించిన రోజునే మాస్టారూ వచ్చారు. పొద్దుటి బ్యాచి అయిపోయాక, సాయంత్రం బ్యాచి లోపు. గుమ్మంలో చెప్పులు విడిచి, నా వెనక స్టూలు మీద కూర్చుని, అలవాటు ప్రకారం కళ్లు మూసుకున్నారు. కాసేపటికి తెరిచారు.

"దీనికి గొంతు లేదురా అబ్బాయ్" అన్నారు. "ఏది తప్పో ఏది ఒప్పో ఎట్టా తెలిసిద్ది?"

తనూ ఒకసారి చూస్తానని నా సీట్లో కూర్చున్నారు. నాలుగు మాటలు కొట్టారు. వరస చివరికి రాగానే క్యారేజీ తోయటానికి ఎడమ చెయ్యి దానంతటదే లేచి పక్కనున్న టీ గ్లాసును పడేసింది. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. ఆయనా నవ్వారు. తుడిచి, మళ్లీ నన్ను కూర్చోబెట్టారు.

ఆ అమ్మాయి ఈసారి నా పక్కనే నిలబడి స్క్రీను చూసింది. నేను నేర్చుకున్నట్టే కాగితం మీదనుంచి కళ్లు తిప్పకుండా తూకాలు కొడుతున్నాను. నాలుగైదు తూకాలు అయ్యాక నా చెయ్యి పట్టి ఆపింది. నేను ఒకటి అంకె కొట్టటం లేదని, దాని బదులు ఇంగ్లీషు ఎల్ కొడుతున్నానని చెప్పింది. అంకెలు ఉండాల్సిన చోట అక్షరం పడితే కంప్యూటరు చిన్నగా కూత పెట్టి దాన్ని వదిలేస్తుంది. నూట ఇరవై కొడితే ఇరవై మిగులుతుంది. ఆ కూత జిన్నింగు మోతలో నాకు ఎన్నడూ వినపడలేదు. స్క్రీను చూసి ఉంటే తెలిసేది. చూడకూడదని నేర్చుకున్నాను.

మా ఇన్‌స్టిట్యూటు మిషన్లలో అంకెలు రెండు నుంచి మొదలవుతాయి. ఒకటికి కీ లేదు. చిన్న ఎల్ కొడితే కాగితం మీద అచ్చం ఒకటిలాగే పడుతుంది. మాస్టారు తన గురువు దగ్గర అట్లాగే నేర్చుకున్నారు. మాకూ అట్లాగే నేర్పారు. ఇన్నేళ్లుగా కోర్టుల్లో ఆఫీసుల్లో మేమంతా ఒకటి అనుకుని కొట్టింది ఎల్లే. ఎవరికీ ఏ నష్టమూ రాలేదు.

"తెలిసింది గదా" అన్నాడు షావుకారు. "ఇప్పటినుంచి ఒకటే కొట్టు."

కొట్టాను. కాగితం మీదికి కళ్లు పోగానే కుడి చేతి ఉంగరపు వేలు మళ్లీ ఎల్ మీద పడింది. మళ్లీ కొట్టాను. మళ్లీ పడింది. పైగా ప్రతి తూకం చీటీ అయ్యాక దాన్ని కంప్యూటరులో దాచటానికి కంట్రోలు కీ, ఇంకో కీ కలిపి ఒకేసారి నొక్కాలి. అందరూ ఎడమ చేత్తోనే, చివరి వేలు కంట్రోలు మీద పెట్టి నొక్కుతారు. నేను రెండు చేతులూ ఎత్తి, కిందికి చూసి నొక్కి, మళ్లీ కాగితం మీద వరస వెతుక్కోవాలి. అప్పటిదాకా ఎవరూ గమనించనిది ఆ రోజు అందరూ చూశారు.

షావుకారు గొంతు పెంచలేదు. గుంటూరు కుర్రాడికి ఈ అలవాట్లు ఉండవన్నాడు. ఒక మనిషిని మారిస్తే పోయేదానికి ఇంతమందిని కూర్చోబెట్టటం దేనికన్నాడు. అది న్యాయమైన మాటే. నేను లేవబోయాను.

మాస్టారు నా భుజం మీద చెయ్యి వేసి ఉంచారు.

"ఆ అలవాటు నేను నేర్పింది" అన్నారు. "వాడి చెయ్యి ఇంకా నా మాటే వింటంది. షావుకారూ, మా అబ్బా కుట్టుమిషన్లు బాగుచేసేవోడు. ముందు తొక్కే మనిషిని కూర్చోబెట్టి చూసేవోడు. కాలు అందకపోతే కింద చెక్క బిగించేవోడు. కాలు పెంచుకు రమ్మనేవోడు కాదు."

షావుకారు ఆ అమ్మాయి వైపు చూశాడు. మాస్టారు కూడా ఆమె వైపే తిరిగారు.

"ఏమ్మా, ఆ అంకెల గడిలో ఎల్ కొడితే ఒకటి పడేట్టు చెయ్యొచ్చా?"

ఆమె ఆలోచించింది. అక్కడ అక్షరాలతో ఎట్లాగూ పని లేదు కాబట్టి చెయ్యొచ్చంది. తనకు ముందే ఎందుకు తట్టలేదో అని తనలో తనే అనుకుంది. మాస్టారికి ఉత్సాహం వచ్చింది. పై వరసలో ఎఫ్ అని రాసిన కీలు ఊరికే ఉన్నాయి కదా, రెండు కీల పని వాటిలో ఒకదానికి అప్పజెప్పమన్నారు. అదీ అవుతుందంది. వరస చివర గంట కొట్టించమన్నారు. ఈ మిల్లులో ఎవరికి వినపడుతుందని ఆమె నవ్వింది. ఆపరేటరు చూడకుండా స్క్రీనుకు గుడ్డ కప్పమన్నారు. అది మాత్రం కుదరదంది. ఆయన కళ్లు మూసుకున్నారు. కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో ఉన్నట్టే ఉంది ఆ మొహం. కళ్లు మూసుకునే, ఏదన్నా చెరిపే ముందు కంప్యూటరు ఒక మాట అడిగితే బాగుంటుందన్నారు.

"ఏమనండీ?"

"ఇంట్లో పెద్దోళ్లు అడగరా, ఎక్కడికి పోతన్నావని. అట్టా. అడ్డం పడొద్దు. ఒక్క మాట అడగాల."

ఆమె దానికి నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. మధ్యాహ్నమంతా ఆమె వేళ్లు కీల మీద ఆడుతూనే ఉన్నాయి. షావుకారు మధ్యలో భోజనానికి వెళ్లి వచ్చాడు. మాస్టారికీ ఆమెకూ ఇడ్లీలు తెప్పించాడు. ఆయన సగం తిని పొట్లం పక్కన పెట్టారు. కిటికీలోంచి వచ్చే ఎండలో దూది నలుసులు తేలుతూ వచ్చి ఒక్కొక్కటే స్క్రీను మీద వాలుతున్నాయి. ఆ తెల్లటి నూగు వెనక ఆకుపచ్చ అక్షరాలు పుట్టి చెరిగి మళ్లీ పుడుతున్నాయి. మాస్టారు వాటిని చూస్తూ కూర్చున్నారు. కళ్లు తెరిచి ఆయన అంతసేపు కదలకుండా కూర్చోవటం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

అయిందని ఆమె లేచింది. నేను కూర్చుని వెనకటి రోజు చీటీలు మొదటినుంచి కొట్టాను. కళ్లు కాగితం మీదనుంచి తీయలేదు. ఉంగరపు వేలు దాని దారిన అది పోయింది. చీటీ చీటీకి పై వరసలో ఒక్క కీ నొక్కాను. చివరి చీటీ అయ్యాక కూడిక అడిగాను. షావుకారు గుమస్తాను పిలిచి లెక్క చదవమన్నాడు. గుమస్తా చదివాడు. షావుకారు స్క్రీను మీద వేలు పెట్టి అంకె అంకె సరిచూసుకున్నాడు. సరిపోయింది. రేపటి చీటీలు పొద్దున్నే మొదలుపెట్టమని నాతో చెప్పి కాటా వైపు నడిచాడు.

ఆ అమ్మాయి నాలుగున్నర బస్సుకు విజయవాడ వెళ్లింది. ఐదింటికి బ్యాచి ఉందని మాస్టారు వెళ్లారు. నేను ఆఫీసు మూసేదాకా ఉన్నాను.