ఆ పూట ఆ నంబరు ఎవరిది

ఈ మధ్యాహ్నం గాలివానకు పోయిన కరెంటు ఇందాకే వచ్చింది. ఫ్యాను ఒక మూలుగు మూలిగి కదిలింది. అలమరా మీది ఇంటర్నెట్ పెట్టెలో నారింజరంగు దీపం మిణుకుమిణుకుమని, చివరికి పచ్చగా నిలబడింది. దుమ్మూ వేడెక్కిన ప్లాస్టిక్కూ కలిసిన ఒక వాసన వచ్చింది. ఆ వాసన తగిలితే చాలు, ఈ బెంగాలీ రైల్వే ఊళ్లో, మలంచా పేటలో మా ఇంట్లో ఉన్నా నాకు ఖరిదా పేట సందులో సింహాచలం గారి ఆఫీసులో కూర్చున్నట్టే ఉంటుంది. "నంబరు మారినాదో నేదో సూసినావేటే గౌరీ?" అని ఆయన నా వెనక నుంచి అడుగుతున్నట్టే ఉంటుంది. లేచి చూశాను. మారింది.

ఆయన రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరయిన మనిషి. ఊరికే కూర్చోలేక ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే చిన్న ఆఫీసు పెట్టారు. డిగ్రీ చదివి ఇంట్లో ఈగలు తోలుకుంటున్న నన్ను ఫిర్యాదులు రాసుకోవడానికి పెట్టుకున్నారు. ఖరిదాలో అందరికీ ఆయన సింహాచలం బావు, నాకు బాబాయి. నాకు అప్పట్లో నోరెక్కువ. ఇప్పుడు తగ్గిందా అని మావారు అడుగుతారు, అది వేరే సంగతి.

మొదటి వారంలోనే అడిగాను, ప్రతి ఇంటికీ ఒక నంబరు ఇచ్చేసి ఊరుకోక ఈ మార్చడమేమిటని. ఇంటర్నెట్‌లో ఎక్కడికి వెళ్లినా మన ఇంటి గుర్తుగా కనబడేది ఆ నంబరే కదా! బాబాయి టీ గ్లాసు కింద పెట్టి నవ్వారు. "మనకాడ ఇళ్లు ఎక్కువ, నంబర్లు తక్కువ. అందుకే సొంతానికి ఇవ్వం, వాడుకోమని ఇస్తాం. పెట్టె ఆరిపోతే నంబరు వెనక్కొచ్చేస్తాది. మళ్లీ ఎలిగితే అదే దొరకొచ్చు, ఇంకోటి దొరకొచ్చు. రైల్వే క్వార్టర్ లాగన్నమాట. గోడ మీద నంబరు మారదు, లోపల మనిషి మారతాడు. పాతోడు పగలగొట్టిన కిటికీకి కొత్తోడిని నిలదీస్తావేటి?" ఏ నంబరు ఏ ఇంట్లో ఎప్పటి నుంచి ఎప్పటిదాకా ఉందో మా కంప్యూటర్ రాసిపెట్టుకుంటుంది. ఇంత సులువా అనుకున్నాను. అర్థమైపోయిందనుకోవడమే నా కొంప ముంచింది.

ఒక శుక్రవారం బాబాయి సిక్కోలులో పెళ్లికి వెళ్లారు. పోలీసు స్టేషన్ నుంచి ఒక బెంగాలీ దాదా కాగితం పట్టుకొచ్చాడు. ఎవరో దొంగ పేరుతో ఇంటర్నెట్‌లో ఒక పంతులమ్మ మీద బూతులు రాశారట. రాసిన నంబరూ, తేదీ, పన్నెండున్నర అని టైమూ కాగితం మీద ఉన్నాయి. "నామ్‌టా బొలున్, దీదీ" అని పేరు అడిగాడు. బాబాయి వచ్చేదాకా ఆగమని చెప్పాల్సింది. నేను ఆగితే కదా! టకటకా వెతికి, "ఓలమ్మో, ఇది మన నర్సు మరియమ్మగారిల్లు!" అని పైకే అనేశాను. పెట్టె మార్పించుకోవడానికి వచ్చిన రమణమ్మ పక్కనే నిలబడి ఉంది. దాదా రాసుకుని వెళ్లాడు. రమణమ్మకు రాసుకోవలసిన పని కూడా లేకపోయింది. చీకటి పడకముందే ఖరిదా అంతా తెలిసిపోయింది.

మరియమ్మగారు రైల్వే ఆసుపత్రిలో నర్సు. మా వీధిలో సగం మంది పిల్లలు ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్లే. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేదీ ఆవిడే. సోమవారం బాబాయి వచ్చి సంగతంతా విన్నారు. నన్ను ఒక్క మాటా అనకుండా కాగితం నకలు అడిగారు. కళ్లద్దాలు పెట్టుకుని టైము పక్కనున్న మూడు చిన్న ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టారు.

"ఇది ఏ గడియారమే?"

మనదే కదా అన్నాను.

"ఇది మనది కాదు, లండను వైపుది. మనం దానికి ఐదున్నర గంటలు ముందుంటాం. అక్కడ పన్నెండున్నరంటే ఇక్కడ సాయంత్రం ఆరు. ఆ రోజు నాలుగింటికి గాలివానొచ్చి కరెంటు పోనేదేటి? ఖరిదాలో పెట్టెలన్నీ ఆరిపోయి, ఐదింటికి మళ్లీ ఎలిగినాయి. ఇప్పుడు సూడు."

చూశాను. ఆరింటికి ఆ నంబరు మరియమ్మగారింట్లో లేదు. వేరే ఇంట్లో ఉంది.

బాబాయి అప్పుడే స్టేషన్‌కి వెళ్లి జరిగిన తప్పు చెప్పి, సరైన వివరం కాగితం మీద రాసిచ్చారు. అటునుంచి నన్ను మరియమ్మగారింటికి తీసుకెళ్లారు. ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి ఇంకా తెల్లచీరలోనే ఉన్నారు. నేను ఏడుస్తూనే అంతా చెప్పాను. ఆవిడ తిట్టలేదు, తిట్టినా బాగుండేది. "నిన్న చర్చిలో నా బెంచీ మీద ఎవులూ కూకోనేదమ్మా. పాట ఎత్తితే నా గొంతొక్కటే వినబడినాది" అన్నారు. ఆ మాట ఇవాళ్టికీ నన్ను కోస్తూనే ఉంది.

బయటికి వచ్చాక బాబాయి, "ఇంట్లో సెప్పితే సరిపోదు. నలుగురిలో అన్నావు, నలుగురిలోనే సెప్పాల" అన్నారు. తరవాతి ఆదివారం చర్చి మెట్లు ఎక్కాను. జన్మలో ఎప్పుడూ ఎక్కి ఎరగను. మరియమ్మగారి బెంచీ మీద కూర్చున్నాను. ప్రార్థన అయ్యాక పాస్టరుగారి అనుమతితో లేచి, "తప్పు నాది, టైము సరిగా చూడకుండా ఈవిడ పేరు చెప్పాను" అన్నాను. మొదటిసారి ఎవరికీ వినబడక, రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. వెనక బెంచీలో బాబాయి, నుదుట విభూతి రేఖలతో, చేతులు కట్టుకుని కూర్చున్నారు. అంతమందిలో నాకు ధైర్యం ఆయన ముఖమే. ఆ పైవారం రమణమ్మే వెళ్లి ఆ బెంచీ మీద కూర్చుందని విన్నాను.

బాబాయి పోయి రెండేళ్లయింది. ఆఫీసు ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. ఎవరు కాగితం తెచ్చినా ముందు గడియారం సంగతి అడుగుతాను, ఆ తరవాతే కంప్యూటర్ ముట్టుకుంటాను. బాబాయి చేసినట్టే వివరం కాగితం మీద రాసిస్తాను తప్ప పేరు పైకి అనను. ఆయన్ని తలుచుకోని రోజు లేదు.

మొన్న ఖరిదా చేపల బజారులో మరియమ్మగారు కనబడ్డారు. ఆవిడా రిటైరయ్యారు. చేప ముక్కలు కొట్టించుకుంటూ, ఏదో గుర్తొచ్చినట్టు నా మోచెయ్యి పట్టుకున్నారు.

"ఇన్నేళ్లయింది, ఇప్పుడైనా సెప్పే గౌరీ. ఆ సాయంత్రం ఆ నంబరు ఎవులింట్లో ఉన్నాది?"

అడిగే హక్కు ప్రపంచంలో ఎవరికైనా ఉందంటే అది ఆవిడకే. పేరు నా నాలుక చివరే ఉంది.

"సెప్పలేనమ్మా" అన్నాను.

ఆవిడకు కోపమొచ్చిందేమో అనుకున్నాను. చేపల సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని నా చెంప మీద చెయ్యి వేశారు.

"అయితే సింహాచలం బావు ఇంకా పోనేదన్నమాట" అన్నారు.