ఆమె రక్తానికి నేను చెప్పిన జవాబు

మొన్న కళ్యాణదుర్గంలో మా వీధి బడిలో పరిశోధన కోసం రక్తం సేకరిస్తున్నారని తెలిసి, ముప్పై ఏళ్లు నర్సుగా పల్లెలు తిరిగినదాన్ని కదా, ఊరికే చూసి వద్దామని వెళ్లాను. నా మేనకోడలి ఈడు పిల్ల ఒకతె ఆడవాళ్లను కూర్చోబెట్టుకుని, ఈ రక్తాన్ని ఏళ్ల తరబడి చలిపెట్టెల్లో దాచి రోగాల గురించి తెలుసుకోవడానికి వాడతారని, మీకు రిపోర్టేమీ రాదని, ఇష్టం లేకపోతే ఇవ్వనక్కర్లేదని, అడిగిందే మళ్లీ అడుగుతున్నా విసుక్కోకుండా చెబుతోంది. వింటుంటే నాకు తలెత్తబుద్ధి కాలేదు.

నా ఈడు నర్సులకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మనకు పైవాళ్ల మాటే వేదం. కంబదూరు వైపు గొర్రెల కాపర్ల వాడలో ఇలాగే దాచడానికి రక్తం తెమ్మన్నారు. దాచడానికి అంటే ఎవరిస్తారని నేను షుగరు పరీక్ష అని చెప్పాను. కాగితం చదివి వినిపించింది కులపెద్ద ఒక్కడికే, అదీ సగం. ఆయన వేలిముద్ర వేయగానే వాడంతా వరసగా వేసి, సిరా బొటనవేళ్లు తలకు తుడుచుకుంది. ఒక్కపూటలో ముగించానని డాక్టరు మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా, సిగ్గులేనిదాన్ని.

అందరూ మరిచిపోయినా గొర్రెలు కాసే ఒక పెద్దామె మరవలేదు. నేను టీకాలకు వెళ్లినప్పుడల్లా మందను వదిలి అడ్డం వచ్చేది.

"నా రగతం ఏం చెప్పినాది నర్సమ్మా?"

రెండుసార్లు ఇంకా రాలేదన్నాను. మూడోసారి బస్సుకు వేళవుతోందని, "బాగుండాదంటవ్వా" అనేశాను. ఆమె మొహం విప్పారింది.

ఆ మాట పట్టుకునే, కాలిపుండు నెలల తరబడి మానకపోయినా, తనకు షుగరు లేదని కొడుకును తిట్టి ఆసుపత్రికి పోలేదట. చివరికి మోకాలి కిందికి కాలు తీసేశారు. "మాయమ్మ నీ మాటే నమ్మినాది" అన్నాడు కొడుకు, కోపం లేకుండానే. ఇంటికి చూడ్డానికి వెళితే, ఆమె మంచం మీద జరిగి నాకు చోటిచ్చి, అప్పుడు బాగున్న రక్తం తర్వాత చెడితే నువ్వేం చేస్తావమ్మా అని నన్నే ఓదార్చింది. నిజం చెబుదామని నోరు తెరిచి, ఆమె కోడలిచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాను.

ఇప్పుడు జనానికి తెలివి వచ్చింది, ప్రశ్నలు అడుగుతున్నారని మనవాళ్లు అంటుంటారు. ఆమె అప్పుడే మూడుసార్లు అడిగింది. మారాల్సినదాన్ని నేను, మారేసరికి ఆమె లేదు.