సింధు ఒడ్డున బాపు పుష్కరం

ట్రక్కు మమ్మల్ని దించేసరికి పగలు పదకొండయింది. ఎండ ఫెళ్లున కాస్తోంది, చలి మైనస్ ఎనిమిది. తూర్పు లద్దాఖ్, పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. చెట్టన్నది లేదు. రాళ్లు, గాలి, రెండు బంకర్లు. కింద లోయలో సన్నటి నీలం గీత. పోస్టు పేరు చెప్పకూడదు. చెప్పినా మ్యాపులో దొరకదు. నేను పుట్టింది హనుమకొండ సుబేదారిలో. నా సుబేదారీ ఆ పుట్టుకతోనే తీరిపోయినట్టుంది, హవల్దారుగానే రిటైరయ్యాను.

"ఆ వాగు పేరేంది?" అని అడిగాను.

వైర్‌లెస్ సెట్ ముందు కూర్చున్న ఆపరేటర్ మడికొండవాడు. హెడ్‌ఫోన్ తీసి నా వైపు జాలిగా చూశాడు. "వాగంటవేందన్నా. గది సింధు నది."

కాళేశ్వరం దగ్గర గోదావరిని చూసిన కళ్లు నావి. బడిలో చదివిన సింధు దానికన్నా పెద్దదిగా మనసులో ఉండిపోయింది. ఇక్కడేమో రాయి విసిరితే అవతలి ఒడ్డున పడేలా ఉంది.

మాకు సామాన్లు మోసే లద్దాఖీ పెద్దాయన ఒకరుండేవారు. అందరం 'ఆచో' అనేవాళ్లం. వాళ్ల భాషలో అన్న అని. నది పేరు ఆయనకు వేరు: సెంగే ఖబాబ్. సింహం నోట్లోంచి దిగివచ్చేది. కైలాసం వెనక, రాళ్ల మధ్య ఊటలుగా పుడుతుందని చెప్పాడు. ఆ కొండల చుట్టూనే ఏనుగు నోట్లోంచి ఒకటి, నెమలి నోట్లోంచి ఒకటి, గుర్రం నోట్లోంచి ఒకటి, ఇంకో మూడు నదులు దిగుతాయట. తన తాత గొర్రెలు తోలుకుని అటువైపు వెళ్లేవాడు. ఇప్పుడు అది సరిహద్దు గీతకు అవతల, చైనా వైపు. ఆ దారి మూసేశారు.

నా వంతు వచ్చింది. పాత భాషలో సింధు అంటే నదే అన్నాను. ఇంట్లో పెద్దాయనను పేరు పెట్టి పిలవనట్టు, ఈ నదికీ వేరే పేరు అక్కర్లేకపోయింది. పడమటివాళ్లకు 'స' పలకక హింద్ అయింది. వాళ్లకూ అవతలివాళ్లు 'హ' మింగేస్తే ఇండ్ మిగిలింది. ఇద్దరికి నోరు తిరగకపోవడం వల్ల ఒక దేశానికి పేరొచ్చింది.

ఆపరేటర్ హెడ్‌ఫోన్ మెడలోకి దించుకున్నాడు. "అంటే మనం మన పేరుకే పహరా కాస్తానమన్నట్టు."

నవంబరులో ఒకరోజు అమ్మ ఫోన్‌లో దొరికింది. "బిడ్డా, గురుడు కుంభంలకొచ్చిండంట. సింధు పుష్కరాలు. మీ బాపు పేరు మీద ఇన్ని నీళ్లు విడువు. అది పుట్టిన కాడైతే ఇంకా మంచిది. మల్ల పన్నెండేండ్లకు నేనుంటనో, పోతనో."

బాపుది కిరాణా దుకాణం. గోదావరి, కృష్ణ పుష్కరాలకు షట్టరు దించి మరీ వెళ్లొచ్చాడు. సింధుకూ పోవాలని ఉండేది. పోకుండానే రెండేళ్ల కింద పోయాడు.

పుష్కరాల రోజుల్లో మా గస్తీ నది దాకా దిగేది ఒక్కసారే. సుబేదార్ సాబ్ హర్యానావాడు. అడిగాను.

"పాగల్ హో క్యా?" అన్నాడు. ఈ నీళ్లలో దిగితే న్యుమోనియా, న్యుమోనియా వస్తే హెలికాప్టర్, గాలి వీస్తే అదీ రాదు. ఆయన చెప్పింది నిజమే. వాదించడానికి అంత ఎత్తులో ఊపిరి కూడా చాలదు. ఊరికే నిలబడ్డాను. చాలాసేపు నిలబడ్డాను.

చివరికి అన్నాడు: "బూట్లు విప్పు, నీళ్లు వదులు, బయటికి రా. మోకాళ్లు దాటావో, నేనే ముంచేస్తా."

ఇక నువ్వులు. మా లంగర్‌లో, అంటే వంటశాలలో, నువ్వులు లేవు. చలికాలం రేషన్‌లో వచ్చే రేవ్డీ ఉంది, నువ్వులద్దిన బెల్లం బిళ్లలు. నేనూ ఆపరేటరూ కూర్చుని గోళ్లతో గీకాం.

"నల్లనువ్వులు గావాలె గదన్నా. ఇవి తెల్లగున్నయ్, పైంగ తియ్యగున్నయ్. బాపుకు షుగరంటివి."

"బతికున్నన్నాళ్లు అమ్మకు దెల్వకుంట తిన్నడు. ఇప్పుడు ఖుల్లంఖుల్లా తింటడు తీ."

ఒడ్డు పొడవునా మంచు పేరుకుంది. నడుమ నీళ్లు నల్లగా, చురుగ్గా పోతున్నాయి. దిగాను. పాదాలు ముందు మండాయి, తర్వాత నావి కాకుండా పోయాయి. దక్షిణానికి తిరిగాను. గోత్రం గుర్తుంది, మంత్రం గడ్డకట్టింది. బాపు పేరు మూడుసార్లు చెప్పి దోసిలి వదిలాను. అడుగున ఒక్కో గులకరాయీ కనిపిస్తోంది. తలెత్తితే, మేం అడుగు పెట్టకూడని కొండల మలుపులోంచి నది వస్తోంది, ఎవరినీ అడక్కుండా. వాగు అన్నందుకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

వారం తర్వాత అమ్మ మొదటి మాట: "పుట్టిన కాడనేనా బిడ్డా?"

అవునంటే సరిపోయేది. నోరు రాలేదు. "కాదే అమ్మా. అది గీతకు అవతల. మమ్ముల పోనియ్యరు."

గరగరల మధ్య అమ్మ గొంతు వచ్చింది.

"పోనీ తీ. కోడలి కాన్పు తల్లిగారింట్లనే గదా అయితది. యాడ పుట్టినా బిడ్డొచ్చేది మనింటికే. నీ కాళ్ల కాడికి నడిచొచ్చె గదా, ఇగ నాకు ఫికర్ లేదు."

ఏప్రిల్‌లో కాజీపేటలో రైలు దిగాను. ఎండకు ప్లాట్‌ఫారం పొగలు కక్కుతోంది. ఇంటికొచ్చి అమ్మకు అన్నీ చెప్పాను. ఒక్కటి మాత్రం ఎలా చెప్పాలో తెలియక ఉంచేసుకున్నాను.

ఆ రోజు ఒడ్డుకొచ్చి, పళ్లు టకటకలాడుతుంటే లేసులు కట్టుకుంటున్నాను. ముడి వేసి తలెత్తి చూశాను. సుబేదార్ సాబ్ మంచు అంచున గొంతుక్కూర్చున్నాడు. తుపాకీ వీపున ఉంది, చేతి తొడుగులు పళ్ల మధ్య ఉన్నాయి. ఉత్త చేతులతో నీళ్లెత్తి పట్టుకున్నాడు. కళ్లు మూసే ఉన్నాయి. వేళ్ల సందుల్లోంచి నీళ్లు జారిపోతున్నాయి. మళ్లీ ముంచుతున్నాడు, మళ్లీ ఎత్తుతున్నాడు.