లేదని చెప్పిన నొప్పి

ఈ మాట ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. ప్రార్థనలో చెప్పబోయి, అసలు సంగతి దగ్గరకు వచ్చేసరికి వేరే పాపాలేవో ఒప్పుకుని లేచిపోయేదాన్ని. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

ఎనభైల్లో నేను బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో ఒక ఆఫీసులో టైపిస్టును. అప్పటి మిషన్ల మీటలు చాలా బరువు. కాగితం కింద కార్బన్ల దొంతర ఉండేది. అట్టడుగు కాపీలో కూడా అక్షరం పడాలంటే ఒక్కొక్క మీటనూ పొడవాల్సిందే. కొన్నేళ్ళకు నా కుడి మణికట్టులో సన్నగా మంట మొదలైంది. తర్వాత బొటనవేలు బిగుసుకుపోవడం. రొట్టెల పిండి కలపలేక అన్నమే వండేదాన్ని. పాపకు జడ వేస్తుంటే దువ్వెన చేతిలోంచి జారిపోయేది. మణికట్టుకు కట్టుకున్న గుడ్డ కనిపించకుండా పొడుగు చేతుల జాకెట్లు కుట్టించుకున్నాను. నొప్పి తైలం వాసన ఎవరైనా పసిగడతారేమోనని దానిమీద పౌడరు అద్దేదాన్ని.

ఎందుకంత దాచాను? మా ఆయనకు స్థిరమైన పని లేదు. మేముండే క్వార్టరు నా ఉద్యోగం వల్ల వచ్చింది. ఈమె చెయ్యి పనికిరాదు అని ఒక్కరంటే చాలు, సామాను రోడ్డుమీద ఉంటుందని భయం. 

నా పక్క మిషను కరుణది. మా ఊళ్ళోనే నిమ్‌పురా పేట పిల్ల. మాలాగే తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. వయసులో నాకంటే చిన్నది, టైపులో నాకంటే వేగం. ఆదివారాలు మా తెలుగు చర్చిలో హార్మోనియం వాయించేది. ఆమెకూ ఇదే నొప్పి వచ్చింది. ఆమె దాచలేదు. కొన్నాళ్ళు టైపు తగ్గించి వేరే పని ఇమ్మని అడిగింది. అందరూ నవ్వారు. కుర్చీలో కూర్చుని చేసే పనికి నొప్పేమిటన్నారు.

ఒక మధ్యాహ్నం కుళాయి దగ్గర చన్నీళ్ళ కింద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. కరుణ ఎప్పుడు వచ్చిందో చూడలేదు.

"నీకూ నొప్పేనా అక్కా?"

కొంగుతో చెయ్యి తుడుచుకున్నాను. "అప్పుడప్పుడూ వస్తాది. ఎవరికీ సెప్పకు."

"నాను సెప్పను. నువ్వే సెప్పు. నానొక్కదాన్నే అంటే సాకు అనుకుంటన్నారు. ఇద్దరికీ ఉందంటే పని వల్ల వచ్చిందేనని బొడోబాబు నమ్ముతాడు."

"సరే. అడిగితే సెప్తాను," అన్నాను.

అడిగారు. మా పెద్ద గుమాస్తాను బొడోబాబు అనేవాళ్ళం. బెంగాలీ ఆయన, చెడ్డవాడు కాదు. ఒకరోజు కరుణను ఎదురుగా నిలబెట్టుకుని నన్ను పిలిచాడు. ఈమెకంటే నువ్వు ఎక్కువకాలంగా ఈ పని చేస్తున్నావు కదా దీదీ, నీ చెయ్యి నొప్పి పెడుతోందా అని హిందీలో అడిగాడు. గదిలో అందరూ చేతులు ఆపి వింటున్నారు.

అడుగుతున్నప్పుడు కూడా నా బొటనవేలు లాగుతూనే ఉంది.

"నహీ దాదా. బిల్‌కుల్ ఠీక్ హై," అన్నాను, నొప్పి లేదు, చెయ్యి బాగానే ఉందని.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. ఆమె హార్మోనియం వాయిస్తుంది, దానివల్లేమో అని కూడా అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. కరుణ నా మొహం చూడలేదు. నా జాకెట్టు చేతివైపు చూసి, వెళ్ళి తన మిషను ముందు కూర్చుంది.

చలికాలం వచ్చేసరికి ఆమె గ్లాసు కూడా పట్టుకోలేకపోయింది. టైపులో తప్పులు పెరిగాయి. చివరికి టైపిస్టుగా పనికిరాదని తేల్చి, ఊరి చివర ఒక గోదాములో కట్టలు మోసే పనికి పంపేశారు. చర్చిలో హార్మోనియం ముందు వేరే అమ్మాయి కూర్చుంది. తర్వాత ఆఫీసులో సీనియర్ టైపిస్టు కుర్చీ ఖాళీ అయితే అది నాకు వచ్చింది. కరుణ ఉండి ఉంటే, ఆమె వేగం చూసి ఆమెకే ఇచ్చేవారు.

ఇక్కడే నేను చిక్కుకుపోతాను. భయపడే అలా అన్నానా? భయమే అయితే నాకు లేదు అని ఊరుకుంటే సరిపోయేది కదా, ఆ హార్మోనియం మాట నా నోటికి ఎక్కడినుంచి వచ్చింది? ఈ పిల్ల పక్కకు తప్పుకుంటే కుర్చీ నాదవుతుందని లోపల ఎక్కడో అనుకున్నానా? ఇన్నేళ్ళు తవ్వుకున్నా నాకు తేలలేదు. అనుకోలేదని మాత్రం ప్రమాణం చేయలేను.

తొంభైల్లో కంప్యూటర్లు వచ్చాయి. చాలామంది చేతులు పట్టుకుని మూలగడం మొదలుపెట్టారు. కొత్త డాక్టరు ఇది ఈ పని వల్ల వచ్చేదేనని సులువుగా చెప్పేశాడు. నాకు మణికట్టు పట్టీ ఇచ్చి, కొన్నాళ్ళు తేలిక పని ఇవ్వమన్నాడు. ఇచ్చారు. కరుణ అడిగింది అదే. నొప్పి ఎప్పటినుంచి అని డాక్టరు అడిగితే, ఈమధ్యే అన్నాను.

తర్వాత కొంతకాలానికి పూరీ గేట్ దగ్గర కూరల కొట్లో కరుణ కనిపించింది. వంకాయలు ఎడమచేత్తో ఏరుతోంది. తప్పించుకుని పోదామనే అనుకున్నాను. కానీ వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"కరుణా, ఆ రోజు నాకూ నొప్పి ఉంది," అన్నాను.

ఆమె ఏరడం ఆపలేదు. "నాకు తెల్సు కదా అక్కా. కుళాయి కాడ సూసినాను. తెల్సినదానికి సెప్తే ఏటి లాభం? నాది దొంగ నొప్పన్నోళ్ళకి సెప్పు."

సంచి ఎడమ భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

ఆమె చెప్పిన పని నేను చేయలేదు. బొడోబాబు అప్పటికే చనిపోయాడు. నవ్వినవాళ్ళలో కొందరు ఇదే ఊళ్ళో ఉండేవారు, ఎదురుపడితే పలకరించేవారు. ప్రతిసారీ నోరు తెరిచి, పిల్లలు బాగున్నారా అని అడిగి వచ్చేసేదాన్ని. మా అమ్మాయికి తెలిస్తే నన్ను ఏ కళ్ళతో చూస్తుందోనని ఇప్పటికీ భయం.

ఎవరైనా అడిగితే మీరైనా చెప్పండి. కరుణది దొంగ నొప్పి కాదు. హార్మోనియం వల్ల వచ్చిందీ కాదు. పని వల్ల వచ్చింది. నాకూ వచ్చింది. బొడోబాబు అడిగినప్పుడు కూడా ఉంది. ఉందని తెలిసే లేదన్నాను.